కర్టెన్లు చివర్లో, టేపు మొదట్లో

మారతహళ్ళి నుంచి ఒకావిడ అడిగారు: "మాది నెల్లూరు. బెంగళూరు వచ్చి పదిహేనేళ్ళు. అమ్మాయి సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడు, సైన్సు. ఇంటీరియర్ డిజైన్ చేస్తానంటోంది. సోఫాలు, కర్టెన్లు ఎంచడానికి నాలుగేళ్ళ చదువా అంటారు వాళ్ళ నాన్న. అసలు ఆ పనేంటండీ?"

కర్టెన్ల దాకా వచ్చేసరికి పని దాదాపు అయిపోయినట్టేనమ్మా. వైట్‌ఫీల్డ్‌లో కొత్తగా తాళాలు చేతికొచ్చిన ఫ్లాటు ఒకటి అనుకోండి. మొదట ఇంటివాళ్ళని కూర్చోబెట్టి అడగాలి. వంట ఎవరు చేస్తారు, ఊర్నించి అత్తగారు వచ్చి ఎన్నాళ్ళుంటారు, దేవుడి మందిరం ఎటు, డబ్బెంత. చివరి ప్రశ్నకి ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు అరుదు.

తర్వాత టేపు పట్టాలి. బిల్డరిచ్చిన ప్లానునే నమ్ముకుంటే దెబ్బతింటాం. దూలం ఎంత కిందికి దిగిందో అందులో కనబడకపోవచ్చు. తీరా చూస్తే బీరువా అక్కడ పట్టదు.

ఏది ఎక్కడుండాలో గీసే లేఅవుట్, త్రీడీ బొమ్మలు మీ అమ్మాయికి నచ్చే భాగం. అది వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. అసలు నైపుణ్యం ఆ తర్వాతి లెక్కలో బయటపడుతుంది. దాన్ని బీఓక్యూ అంటారు, అంటే ఏ సామాను ఎంత కావాలో, ఎంతవుతుందో రాసే పట్టిక. ప్లైవుడ్ షీటు 8 అడుగులు, 4 అడుగులు. దాన్ని ఎలా కోయిస్తే ముక్కలు వృథా కావు? సింకు కింద ఐఎస్ 710 రకం ప్లైవుడ్, నీళ్ళకి తట్టుకునేది కావాలి. హాల్లో టీవీ యూనిట్‌కి అంత ఖరీదు దండగ. ఇంటివాళ్ళ డబ్బు మిగిలేదీ మునిగేదీ ఇక్కడే.

సైటులో వరస తప్పకూడదు. ముందు గోడల పని, పైపులు, కరెంటు గాడులు. ఆపైన ఫాల్స్ సీలింగ్, కార్పెంటరీ. పెయింటు ఆఖరి కోటు వడ్రంగి దుమ్ము అణిగాకే. మా వంటింట్లో మిక్సీ ప్లగ్గు సరిగ్గా ఫ్రిజ్ వెనకాల వచ్చింది. డ్రాయింగ్‌లో ఫ్రిజ్ పెట్టి చూసుకోలేదు మరి! ఇంటివాళ్ళది తెలుగు, సెక్యూరిటీది కన్నడ, కార్పెంటర్‌ది హిందీ. డ్రిల్లింగ్ ఎప్పుడు చేయాలో అసోసియేషన్ చెబుతుంది. అందరి మధ్యా నలిగేది డిజైనరే. చివర్లో స్నాగ్ లిస్టు, అంటే మిగిలిన లోపాల జాబితా రాసుకుని, బిగుసుకున్న సొరుగులూ ఊడిన అంచులూ సరిచేయించి తాళాలిస్తారు.

చదువంటారా, బీడెస్, అంటే డిజైన్ డిగ్రీ, నాలుగేళ్ళు. మ్యాథ్స్, ఫిజిక్స్ ఉన్నాయి కాబట్టి అయిదేళ్ళ ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్ కూడా చూడండి, దానికి నాటా లాంటి ప్రవేశ పరీక్ష రాయాలి. ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలంటే 1972 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్‌కి అలాంటి చట్టం లేదు. అందుకే ఆర్నెల్ల డిప్లొమాతో బోర్డు పెట్టేసినవాళ్ళతోనూ మీ అమ్మాయి పోటీ పడాలి.

నన్నడిగితే, ఫీజు కట్టేముందు ఒక టేపు కొనివ్వండి. మీ వంటగది కొలిచి, ఫ్రిజ్‌తో సహా కాగితం మీద గీయమనండి. పరీక్షలయ్యాక తెలిసినవాళ్ళ ఫ్లాటులో పని జరుగుతుంటే పదిరోజులు పంపండి. ఆ దుమ్ములో నిలబడి పదకొండో రోజు కూడా వెళ్తానంటే, వాళ్ళ నాన్నతో నేను మాట్లాడతాను.