స్టార్టప్‌లో మొరాయించే కీబోర్డు, మౌస్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉదయం ఆన్ చేయగానే విండోస్ లాగిన్ తెర వరకు సవ్యంగానే వస్తుంది. అక్కడ పాస్‌వర్డ్ కొడదామంటే కీబోర్డు పలకదు, మౌస్ బాణం కదలదు. రెండూ యూఎస్‌బీవే. మౌస్ కింద ఎర్ర లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, తిరిగి ఆన్ చేస్తే ఆ రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. వేరే కీబోర్డు తెచ్చి పెట్టినా ఇదే తంతు. మదర్‌బోర్డు మార్చాలని రిపేరు చేసే ఆయన అంటున్నారు. నిజంగా మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. రెండు వేర్వేరు పరికరాలు ఒకే సమయంలో, అదీ రోజూ ఒకే చోట ఆగిపోవడం, రెండోసారి ఆన్ చేయగానే రెండూ కలిసి కోలుకోవడం చూస్తే, లోపం ఆ పరికరాల్లో గాని మదర్‌బోర్డు భాగాల్లో గాని ఉండే అవకాశం తక్కువగా కనిపిస్తోంది. నాకు అనుమానం విండోస్‌లోని ‘ఫాస్ట్ స్టార్టప్’ మీద.

కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేదాకా కీబోర్డు, మౌస్‌ల బాధ్యత ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతుంది. మొదటి కొద్ది సెకన్లు మదర్‌బోర్డులోని బయోస్ (నేటి కంప్యూటర్లలో దాని స్థానంలో ఉన్నది యూఈఎఫ్ఐ) తన చిన్నపాటి డ్రైవర్‌తో (పరికరాన్ని నడిపే ప్రోగ్రాంతో) వాటిని నడిపిస్తుంది. విండోస్ లోడ్ అవుతుండగా ఆ పనిని విండోస్ డ్రైవర్లు తమ చేతిలోకి తీసుకుంటాయి. అందుచేత కీబోర్డు పనిచేయడం లేదని చెబితే చాలదు, ఏ దశలో పనిచేయడం లేదో తెలియాలి. ఆన్ చేసిన వెంటనే డిలీట్ మీటను, లేదా మీ కంప్యూటర్‌కు చెప్పిన ఎఫ్2 మీటను వరసగా నొక్కి బయోస్ తెరలోకి వెళ్ళి చూడండి. అక్కడ బాణం మీటలు పనిచేస్తూ లాగిన్ తెర దగ్గర మాత్రమే ఆగిపోతుంటే వైరు, పోర్టు, కీబోర్డు మూడూ దాదాపు నిర్దోషులే.

లాగిన్ తెర దగ్గర మరో పరీక్ష కూడా చేయవచ్చు. క్యాప్స్ లాక్ నొక్కండి. సాధారణ కీబోర్డులలో ఆ దీపాన్ని కీబోర్డు సొంతంగా వెలిగించుకోదు. మీట నొక్కిన సంగతి కంప్యూటర్‌కు చేరి, అక్కడి నుంచి ‘వెలిగించు’ అనే ఆదేశం తిరిగి రావాలి. దీపం వెలిగి ఆరుతూ ఉంటే రాకపోకలు రెండు వైపులా బాగున్నట్టు. మౌస్ కింది ఎర్ర లైటు విషయం వేరు. పోర్టులో 5 వోల్టుల కరెంటు ఉందని మాత్రమే అది చెబుతుంది, మౌస్ చెప్పేది కంప్యూటర్ వింటోందని దానికి అర్థం కాదు. చాలామంది ఆ లైటును చూసి మౌస్ బాగానే ఉందనుకుని వేరే దారి పడతారు.

ఇక ఫాస్ట్ స్టార్టప్ సంగతి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి మనం షట్‌డౌన్ అన్నప్పుడు విండోస్ పూర్తిగా ఆగిపోదు. మన ప్రోగ్రాములను మూసి, మనల్ని లాగౌట్ చేసి, తన కెర్నల్‌ను (విండోస్ మూల భాగాన్ని), డ్రైవర్లను అప్పుడున్న స్థితిలోనే డిస్కు మీద ఒక ఫైలులో భద్రపరచి పడుకుంటుంది. మర్నాడు ఆ ఫైలును మెమరీలోకి చదువుకుని లేస్తుంది. డ్రైవర్లన్నింటినీ కొత్తగా మొదలుపెట్టే పని తప్పుతుంది కనుక త్వరగా లేస్తుంది. అయితే నిద్ర లేచిన యూఎస్‌బీ డ్రైవర్ తన పోర్టులను తిరిగి పలకరించడంలో తడబడితే, వాటికి తగిలించినవన్నీ కలిసికట్టుగా మూగబోతాయి. మీరు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినప్పుడు ఆ ఫైలు రాసుకునే వ్యవధి విండోస్‌కు ఉండదు. అందుకే రెండోసారి అది అన్ని డ్రైవర్లనూ మొదటి నుంచి లోడ్ చేస్తుంది, మీ కీబోర్డు పనిచేస్తుంది. రోజూ అలా ఆపడం మాత్రం మంచిది కాదు; డిస్కు మీద రాత మధ్యలో తెగితే ఫైళ్ళు చెడిపోవచ్చు.

అనుమానం నిజమో కాదో ఈ రాత్రే తేల్చుకోవచ్చు. షిఫ్ట్ మీట నొక్కిపట్టి స్టార్ట్ మెనూలోని షట్‌డౌన్ మీద క్లిక్ చేయండి. ఆ ఒక్కసారికి కంప్యూటర్ పూర్తిగా ఆగిపోతుంది. ఉదయం అన్నీ పనిచేస్తే కారణం దొరికినట్టే. (రీస్టార్ట్ చేసినప్పుడు కూడా విండోస్ పూర్తిగా మొదటి నుంచే మొదలవుతుంది. రీస్టార్ట్‌లో రాని లోపం షట్‌డౌన్ తర్వాతే వస్తోందంటే అదీ ఇదే దారి చూపిస్తుంది.) అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరచి, ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ అన్న చోటికి వెళ్ళి, పైనున్న ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్’ నొక్కి, ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ ఎదుట ఉన్న టిక్ తీసేయండి. స్టార్టప్ కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌లో ఆ తేడా పెద్దగా తెలియదు. వీలు చూసుకుని మదర్‌బోర్డు తయారీదారు వెబ్‌సైటు నుంచి కొత్త చిప్‌సెట్ డ్రైవర్లు కూడా వేసుకోండి, ఎందుకంటే అసలు లోపం ఉన్నది లేవలేకపోతున్న డ్రైవర్‌లోనే.

ప్రశ్న: నాది దీనికి సరిగ్గా ఎదురు సమస్య. విండోస్‌లో కీబోర్డు బాగా పనిచేస్తుంది గాని, ఆన్ చేసిన వెంటనే బయోస్‌లోకి వెళ్దామని ఎంత నొక్కినా స్పందన ఉండదు. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఏది కావాలో ఎంచుకునే మెనూలోనూ బాణం మీటలు పనిచేయవు.

జవాబు: మీ విషయంలో విండోస్ డ్రైవర్లు బాగున్నాయి, బయోస్ మీ కీబోర్డును పట్టించుకోవడం లేదు. దీనికి ప్రధానంగా రెండు సెట్టింగులు కారణం కావచ్చు. మొదటిది బయోస్‌లోని ‘ఫాస్ట్ బూట్’. పేరు దగ్గరగా ఉన్నా, ఇది పై జవాబులో చెప్పిన ఫాస్ట్ స్టార్టప్ కాదు. ఇది మదర్‌బోర్డుది, అది విండోస్‌ది. కొన్ని బోర్డులలో ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉంటే సమయం కలిసివస్తుందని యూఎస్‌బీ పరికరాలను వెతికే పనిని బయోస్ దాటవేస్తుంది. రెండోది ‘లెగసీ యూఎస్‌బీ సపోర్ట్’. ఇది డిసేబుల్ అయి ఉంటే విండోస్ వచ్చేదాకా యూఎస్‌బీ కీబోర్డుకు దిక్కు ఉండకపోవచ్చు. మొదటిదాన్ని డిసేబుల్, రెండోదాన్ని ఎనేబుల్ చేయాలి.

కీబోర్డే పనిచేయనప్పుడు బయోస్‌లోకి వెళ్ళేదెలా అని మీరు అడగవచ్చు. విండోస్‌లో ఉండగా షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చేస్తే నీలిరంగు తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అనే వరసలో వెళితే కంప్యూటర్ నేరుగా బయోస్ తెరకే లేస్తుంది. ఫాస్ట్ బూట్ ఉన్నా ఈ దారిలో వెళ్ళినప్పుడు కీబోర్డు సాధారణంగా పనిచేస్తుంది. పనిచేయకపోతే వెనక గుండ్రని పీఎస్/2 పోర్టు ఉందేమో చూడండి. 1987లో ఐబీఎమ్ తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన ఈ పోర్టు ఇప్పటికీ కొన్ని బోర్డుల మీద మిగిలి ఉంది; ఊదారంగుది కీబోర్డుకు, ఆకుపచ్చది మౌస్‌కు, రెండు రంగులూ కలిసి ఉంటే దేనికైనా. పాతదైనా ఒక పీఎస్/2 కీబోర్డు దగ్గర ఉంచుకోవడం ఇలాంటి సమయంలో అక్కరకొస్తుంది. అయితే యూఎస్‌బీలా కంప్యూటర్ నడుస్తుండగా దీన్ని తగిలించకూడదు. ఆపి తగిలించి అప్పుడు ఆన్ చేయాలి, లేకుంటే కంప్యూటర్ దాన్ని గుర్తించకపోవడమే కాక పోర్టు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది.

ఈ దారులేవీ లేకపోతే మిగిలింది బయోస్ సెట్టింగులను తుడిచివేయడం. కరెంటు ప్లగ్గు పూర్తిగా తీసి, మదర్‌బోర్డు మాన్యువల్ చూపిన చోట క్లియర్ సీమోస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే మెమరీని తుడిచే) పిన్నులను కలపాలి, లేదా బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయటకు తీసి ఉంచాలి. దీంతో తేదీ, బూట్ క్రమం వంటివన్నీ మొదటికి వస్తాయి కనుక, డిస్కుకు బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్నవారు రికవరీ కీని ముందే దగ్గర పెట్టుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త మరిచిపోతే కీబోర్డు బాగుపడినా కంప్యూటర్‌లోకి ప్రవేశం ఉండదు.

మీది ఎక్కువ హంగులున్న గేమింగ్ కీబోర్డు అయితే ఇంకో కోణం ఉంది. బయోస్ సాధారణంగా అర్థం చేసుకునేది ‘బూట్ ప్రోటోకాల్’ అనే సరళమైన పద్ధతిని. అందులో ప్రతి సందేశం 8 బైట్లే, మామూలు మీటలు ఒక్కసారికి 6 మాత్రమే పడతాయి. ఎన్ని మీటలు ఒకేసారి నొక్కినా గుర్తించే కీబోర్డులు ఆ హద్దును దాటి మాట్లాడతాయి గనుక కొన్ని బయోస్‌లకు వాటి మాట ఎక్కదు. ఇందుకోసమే అలాంటి కొన్ని కీబోర్డులకు వెనక బయోస్ అని రాసిన స్విచ్చు ఉంటుంది.

ప్రశ్న: వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ కొన్నాను. డెస్క్‌టాప్ వచ్చాక కూడా ఒకటి రెండు నిమిషాలు తడబడతాయి. బయోస్‌లో అసలే పనిచేయవు.

జవాబు: అవి బ్లూటూత్‌వి అయితే బయోస్‌లో పనిచేయకపోవడం లోపం కాదు. బ్లూటూత్ జత కలపడం విండోస్ వచ్చాక జరిగే పని. దాన్ని తనలోనే ఇముడ్చుకున్న బయోస్‌లు తక్కువ. చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చినవి మాత్రం బయోస్‌కు మామూలు యూఎస్‌బీ కీబోర్డులానే కనబడతాయి కనుక పనిచేయాలి. రిసీవర్‌ను నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో గాని, దాని పక్కన గాని పెట్టారేమో చూడండి. ఆ పోర్టులో డేటా నడుస్తున్నప్పుడు వెలువడే రేడియో రొద, రిసీవర్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అడ్డుపడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. ఆన్ చేసిన కొత్తలో తడబాటు ఎక్కువగా ఉందంటే, ఆ సమయంలో పక్క పోర్టులోని ఎక్స్‌టర్నల్ డిస్కు పనిలో ఉందేమో గమనించండి. రిసీవర్‌ను ముందువైపు యూఎస్‌బీ 2.0 పోర్టుకు, లేదా ఒక పొడవైన ఎక్స్‌టెన్షన్ వైరు చివరకు మార్చితే చాలాసార్లు సరిపోతుంది. బ్యాటరీలు కూడా మార్చి చూడండి.

ప్రశ్న: లాగిన్ తెర దగ్గర మౌస్ బాగానే ఉంది. కీబోర్డు మాత్రం టకటకా కొడితే ఒక్క అక్షరమూ పడదు, నొక్కి ఉంచితే మాత్రం ఒక్కొక్కటిగా పడుతుంది.

జవాబు: కీబోర్డు మారుస్తారేమో, మార్చకండి. కుడివైపు షిఫ్ట్ మీటను 8 సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ అనే సదుపాయం ఆన్ అవుతుంది. చేతులు వణికేవారికి పొరపాటు అక్షరాలు పడకుండా, కొద్దిసేపు నొక్కిన మీటలను అది లెక్కచేయదు. మీకు తెలియకుండా అది ఆన్ అయి ఉంటుంది. మళ్ళీ కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు పట్టుకోండి, లేదా లాగిన్ తెర కింది మూలలోని యాక్సెసిబిలిటీ బొమ్మ మీద క్లిక్ చేసి ఆపండి. అన్నట్టు ఆన్-స్క్రీన్ కీబోర్డు ఉండేదీ అక్కడే. కీబోర్డు నిజంగా పాడైన రోజున మౌస్‌తోనే పాస్‌వర్డ్ కొట్టుకోవచ్చు.

ప్రశ్న: ఒక పాత సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 7 వేద్దామనుకుంటే, ఇన్‌స్టాల్ తొలి తెరలోనే కీబోర్డు, మౌస్ రెండూ చచ్చుబడ్డాయి. బయోస్‌లో మాత్రం బాగున్నాయి.

జవాబు: విండోస్ 7 వచ్చింది 2009లో. దాని ఇన్‌స్టాల్ డిస్కులో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్ల బోర్డుల నుంచి పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌ను (పోర్టులను నడిపే భాగాన్ని) తీసేసి, పోర్టులన్నింటినీ కొత్త కంట్రోలర్ కిందికే చేర్చారు. బయోస్ చేయి వదలగానే వాటిని అందుకునేవారు లేరన్నమాట. పీఎస్/2 కీబోర్డుతో పని కానివ్వవచ్చు, లేదా బోర్డు తయారీదారు ఇచ్చే యూఎస్‌బీ 3.0 డ్రైవర్లను ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌లో కలుపుకోవాలి. 2020 జనవరి 14తో విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది కనుక, ఆ సాఫ్ట్‌వేర్‌ను విండోస్ 11లో వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్‌లో) నడుపుకోవడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: ఒక ప్రోగ్రాం తీసేసి రీస్టార్ట్ చేశాను. అప్పటి నుంచి లాగిన్ తెర దగ్గర కీబోర్డు పనిచేయదు. ఏ పోర్టులో పెట్టినా, వేరేది తగిలించినా ఫలితం లేదు. మౌస్ ఉంది గనుక ఆన్-స్క్రీన్ కీబోర్డుతో నెట్టుకొస్తున్నాను.

జవాబు: మీరు తీసేసింది మీటలను మధ్యలో అందుకునే రకం ప్రోగ్రాం అయి ఉండవచ్చు. అలాంటివి కీబోర్డుకు, విండోస్‌కు మధ్య తమ ఫిల్టర్ డ్రైవర్‌ను నిలబెట్టి, ఆ పేరును రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోట) కీబోర్డు తరగతి కింద ‘అప్పర్‌ఫిల్టర్స్’ అనే చోట రాస్తాయి. తీసేసేటప్పుడు ఫైలు పోయి పేరు మిగిలిపోతే, విండోస్ లేని ఆ డ్రైవర్‌ను వెతికి, దొరక్క, మొత్తం కీబోర్డునే నిలిపివేస్తుంది. డివైస్ మేనేజర్ తెరచి కీబోర్డు పక్కన పసుపు గుర్తు, వివరాల్లో కోడ్ 39 లేదా కోడ్ 19 ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందుగా సిస్టమ్ రీస్టోర్‌తో, ఆ ప్రోగ్రాం తీసేయడానికి ముందు తేదీకి వెళ్ళండి. రిజిస్ట్రీ మీద చేయి తిరిగినవారు, ముందుగా బ్యాకప్ తీసుకుని, ఆ అప్పర్‌ఫిల్టర్స్‌లో ‘కేబీడీక్లాస్’ ఒక్కటే మిగిలేలా దిద్దవచ్చు. ఆ పేరును కూడా చెరిపేస్తే ఉన్న కీబోర్డుతో పాటు ఇక ఏ కీబోర్డూ పనిచేయదు. మౌస్‌కు ఇలాగే జరిగితే అక్కడ ఉండవలసిన పేరు ‘మౌక్లాస్’.

రెండూ పోయినవారు విండోస్ రికవరీ తెర నుంచి సిస్టమ్ రీస్టోర్ చేయవచ్చు. అది విడిగా లేచే చిన్న విండోస్ కనుక ఈ చెడిన రిజిస్ట్రీతో దానికి సంబంధం ఉండదు. లాగిన్ తెర దగ్గర మౌస్ కూడా లేనప్పుడు, విండోస్ లోడ్ అవుతుండగా వరసగా రెండు మూడు సార్లు పవర్ ఆపితే రికవరీ తెర తనంతట తానే వస్తుంది. 2025 అక్టోబరు 14 నాటి విండోస్ 11 అప్‌డేట్ వల్ల ఆ రికవరీ తెరలోనే యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయకుండా పోయాయి. ఆరు రోజుల్లోనే కేబీ5070773 అనే అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది. చాలాకాలంగా అప్‌డేట్లు ఆపి ఉంచినవారు, కంప్యూటర్ బాగున్నప్పుడే ఒకసారి రికవరీ తెరలోకి వెళ్ళి బాణం మీటలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం మంచిది.

ప్రశ్న: ఆన్ చేయగానే యూఎస్‌బీ ఓవర్ కరెంట్ అని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి, 15 సెకన్లకు కంప్యూటర్ ఆగిపోతోంది. కీబోర్డు, మౌస్ మార్చినా అదే.

జవాబు: ఇది మాత్రం సెట్టింగుల వ్యవహారం కాదు. ఏదో ఒక యూఎస్‌బీ పోర్టులో కరెంటు హద్దు మీరి పోతోంది, బోర్డు తనను తాను కాపాడుకుంటోంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసింది 500 మిల్లీయాంపులు, 3.0 పోర్టు 900. ముందు యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసి ఆన్ చేయండి. సందేశం పోతే ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ దోషిని పట్టవచ్చు. పోకపోతే కరెంటు ప్లగ్గు తీసేసి, టార్చి వేసి ప్రతి పోర్టు లోపలా చూడండి. వంగి ఒకదానికొకటి తగులుతున్న పిన్నులు తరచూ ముందువైపు పోర్టుల్లోనే ఉంటాయి. ఆ ముందు పోర్టుల నుంచి మదర్‌బోర్డుకు వెళ్ళే కేబుల్‌ను లోపల ఊడదీసి ఆన్ చేసినప్పుడు కంప్యూటర్ నిలిస్తే, బోర్డు బాగున్నట్టే. పెట్టె ముందుభాగంలోని ఆ చిన్న పోర్టుల ప్యానెల్ ఒక్కటి మార్పిస్తే సరిపోతుంది. అప్పటికీ ఆగిపోతుంటేనే మదర్‌బోర్డును రిపేరుకు ఇవ్వండి.