బలం లెక్కతో పాటు టిప్పు లెక్క కూడా చూసుకో

చి. మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ప్రాజెక్టుకి అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ పొడి కలిపి పోత పోస్తున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషంరా. బలం పెంచాలన్న తొందరలో ఒకేసారి 20 శాతం కలిపేస్తావేమోనన్నదే నా బెంగ. ముందు ఆ కడ్డీని లేత్ మీద ఏ టిప్పుతో, అంటే ఏ కోత మొనతో, కోస్తారో తేల్చుకో.

సిలికాన్ కార్బైడ్ గట్టిదనం విక్కర్స్ కొలతలో 2500 దాకా ఉంటుంది. మన పాలకొల్లు లేత్ షాపుల్లో వాడే టంగ్‌స్టన్ కార్బైడ్ టిప్పుది 1500, 1800 మధ్య. టిప్పు కంటే ఆ రవ్వలే గట్టివి. కాసేపు కోశాక టిప్పును భూతద్దం కింద పెట్టి చూడు. అంచు విరిగి ఉండదు కానీ దాని కింద పక్కన వెండిలా మెరిసే సన్నటి పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీ వెడల్పయ్యేకొద్దీ కడ్డీ సైజు మారిపోతుంది, ముఖం గరుకెక్కుతుంది. పీసీడీ టిప్పు, అంటే కృత్రిమ వజ్రం పొర ఉన్నది, దొరికితే అంతకన్నా కావలసింది లేదు, ఖరీదే ఎక్కువ. కార్బైడ్‌తోనే నెట్టుకురావాలంటే స్పీడు తగ్గించి ఫీడు, అంటే ఒక్కో చుట్టుకి టిప్పు ముందుకు జరిగే దూరం, కొంచెం పెంచు. కడ్డీ పొడవు అంతే అయినా అంచు రాసుకునే దూరం తగ్గుతుంది. అన్నిటికన్నా మేలు, అచ్చునే అసలు సైజుకి దగ్గరగా చేయించి కోత తగ్గించుకోవడం.

పొడి 5 శాతంతో మొదలుపెట్టి 10కి వెళ్లు. మామూలు అల్యూమినియం బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం (యంగ్స్ మాడ్యులస్), 70 గిగాపాస్కల్స్ అయితే 20 శాతం పొడితో 100 దరిదాపులకు వస్తుంది, నిజమే. కానీ సాగే గుణం బాగా పడిపోతుంది. రిపోర్టులో ఆ అంకె కూడా రాయి, దాచకు.

లోహం ఏ356 అనే పోత అల్యూమినియం రకం తీసుకో, అందులో సిలికాన్ 7 శాతం ఉంటుంది. సిలికాన్ తక్కువైతే ఎక్కువ వేడిలో అల్యూమినియం కార్బైడ్ పుడుతుంది. అది పెళుసు, పైగా తేమకి చెడిపోతుంది. మన డెల్టా గాలికి సంచిలో పొడి కూడా చెమ్మ పట్టేస్తుంది, బాగా వేడిచేశాకే కలుపు, లేకపోతే పోతంతా బుడగలే. రవ్వలు లోహం కంటే బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి, పోసేదాకా కలుపుతూనే ఉండు. ఒక కడ్డీని నిలువునా కోసి పైనా కిందా పోల్చి చూడు.

రైసు మిల్లు ఊక బూడిద కూడా వాడి చూడొచ్చు. నల్లగా ఉంటే అందులో ఇంకా కార్బన్ ఉన్నట్టే, తెల్లబడేదాకా మళ్లీ కాల్చు. అందులోది సిలికా, టిప్పును అంతగా తినదు. కాకపోతే కరిగిన లోహంలో ఎక్కువసేపు ఉంచితే కొంత అల్యూమినాగా మారుతుంది, అది గట్టిదే.

కోసేటప్పుడు మాస్కు పెట్టుకో. లేత్ బెడ్ మీది రజనుని గాలితో కొట్టొద్దు, స్లయిడ్లలో దూరి మిషన్నే అరగదీస్తుంది. బెడ్ మీద గుడ్డ కప్పి, పని అయ్యాక తుడిపించు. షాపాయనకి ఈ సంగతి ముందే చెప్పి పని ఇవ్వు.

మీ మావయ్య