మైనర్ అలారమే కదా అని ఆగవద్దు

బొబ్బిలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఈ1 క్యారియర్‌పై (ఎక్స్ఛేంజిల మధ్య కాల్స్ మోసే డిజిటల్ లింకుపై) రిమోట్ అలారం మైనర్‌గా వస్తోందని, తెల్లవారేదాకా ఆగవచ్చా అని అడిగారు. దయచేసి ఆగవద్దండి. క్రిటికల్, మేజర్, మైనర్ అనే స్థాయిలు లోపం తీవ్రతను చెబుతాయే తప్ప అది ఎక్కడుందో చెప్పవు. పైగా ఏ అలారానికి ఏ స్థాయి అన్నది చాలా పరికరాల్లో సెట్టింగును బట్టి మారుతుంది. రిమోట్ అలారం వచ్చిందంటే, మీరు పంపే సిగ్నల్ లింకు అవతలి కొసన ఉన్న విజయనగరం వైపు సరిగా అందడం లేదని అర్థం, అంటే 30 మాటల ఛానళ్లూ ఒకవైపు మూగబోయినట్టే. అవతలివారికి చెప్పి, డీడీఎఫ్ (తీగలు కలిపే డిజిటల్ డిస్ట్రిబ్యూషన్ ఫ్రేమ్) వద్ద మీ ట్రాన్స్‌మిట్ జతను రిసీవ్‌కు లూప్ చేయండి, అంటే మీరు పంపేది మీకే తిరిగి వచ్చేలా కలపండి. అలారం పోతే మీ కార్డు మంచిదే, లోపం ముందు మార్గంలో ఉంది. సిగ్నల్ లేదంటూ ఎర్రదీపం వెలిగితే మాత్రం కార్డునో, డీడీఎఫ్ దాకా వచ్చే తీగనో అనుమానించాలి. మా దగ్గర ఒక వానాకాలంలో చిలుము పట్టిన తీగ కొసే కారణమైంది.