కమాండ్ తెరపై డేటాబేస్ పని చేయబోయే మేనకోడలికి

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగంలో చేరావని, మార్కెట్ యార్డుల ధరలు భద్రపరిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పనిని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పగా చాలా సంతోషించాను. సర్వర్ మీద నేరుగా పని పడిన రోజున మౌస్‌తో నొక్కే తెరలు అందుబాటులో ఉండవు, పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు టైప్ చేసి పంపే పీఎస్‌క్యూఎల్ వంటి టూలే దిక్కవుతుంది. డేటాబేస్‌తో మాట్లాడే భాష అయిన ఎస్‌క్యూఎల్ నీకు కాలేజీలో బాగానే నేర్పారు. అయితే ఈ టూల్‌కు ఉన్న చిన్న చిన్న పట్టింపులను అక్కడ ఎవరూ చెప్పరు కనుక, కొత్తవాళ్ల సమయం ఎక్కువగా వాటి దగ్గరే వృథా అవుతుంది. అందుకే వాటి గురించి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. నువ్వు కొట్టే వరుసలను చదివేవారు ఇద్దరు: నీ ముందున్న టూల్ ఒకరు, దూరాన ఉన్న సర్వర్ మరొకరు. బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కమాండ్ టూల్ కోసం. అది ఆ వరుసతోనే ముగుస్తుంది, దానికి సెమీకోలన్ అక్కరలేదు. మిగిలినదంతా సర్వర్ కోసం. సెమీకోలన్ కనిపించేదాకా టూల్ దాన్ని తన దగ్గరే పోగుచేసుకుంటుంది తప్ప పంపదు. వింతగా కనిపించే ప్రవర్తనలో చాలా భాగానికి కారణం ఈ తేడాయే.

ఉదాహరణకు, తేజ మిర్చి ధరలు చూపమని ఒక సెలెక్ట్ రాసి, సెమీకోలన్ మరచి ఎంటర్ కొట్టావనుకో. ఎర్రర్ రాదు, జవాబూ రాదు. టూల్ ఆగిపోయిందేమోనని అదే సెలెక్ట్‌ను ఈసారి సెమీకోలన్‌తో మళ్లీ కొడతావు. అప్పుడు రెండో వరుసలోని సెలెక్ట్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ అని వస్తుంది. ఆ వరుసను ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే అందులో తప్పు లేదు. ముందు పోగైన సగం వాక్యానికి ఇది అతుక్కుని రెండూ కలిసి ఒకే కమాండ్‌గా సర్వర్‌కు చేరాయి. ఇలాంటి అనుమానం కలిగినప్పుడు బ్యాక్‌స్లాష్ పి కొడితే పోగైనది కనిపిస్తుంది, బ్యాక్‌స్లాష్ ఆర్ కొడితే అదంతా చెరిగిపోతుంది.

నిజానికి అనుమానపడే అవసరం కూడా లేదు, వరుస మొదట్లో ఎడమవైపు టూల్ చూపే గుర్తు, అంటే ప్రాంప్ట్, ఆ సంగతి ముందే చెబుతుంది. కొత్త కమాండ్‌కు సిద్ధంగా ఉంటే డేటాబేస్ పేరు తర్వాత => అని ఉంటుంది. వాక్యం పూర్తికాకపోతే అది -> గా మారుతుంది, కుండలీకరణం మూయకపోతే (> అని, సింగిల్ కొటేషన్ మూయకపోతే '> అని కనిపిస్తుంది. ఈ చివరి దానిలో చిక్కుకున్నవాళ్లు మరీ కంగారుపడతారు, ఎందుకంటే కొటేషన్ తెరిచి ఉన్నంతసేపు సెమీకోలన్ అయినా, బ్యాక్‌స్లాష్ ఆర్ అయినా కొటేషన్ లోపలి అక్షరాలుగానే లెక్కకు వస్తాయి. ముందు కొటేషన్ మూసి ఆ తర్వాత చెరపాలి, లేదా కంట్రోల్ సి నొక్కాలి. > ఉండాల్సిన చోట # కనిపిస్తే నువ్వు అన్ని అధికారాలున్న సూపర్‌యూజర్‌గా లోపలికి వచ్చావని అర్థం. రోజువారీ పనికి ఆ హోదా వద్దు, బయటకు వచ్చి మామూలు యూజర్‌తో వెళ్లు. బయటకు రావడానికి బ్యాక్‌స్లాష్ క్యూ వాడాలి. 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి క్విట్, ఎగ్జిట్ అనే మాటలు కూడా పనిచేస్తున్నాయి కానీ, వాక్యం సగంలో ఉన్నప్పుడు మాత్రం పనిచేయవు.

కొటేషన్ల విషయంలో పోస్ట్‌గ్రెస్ చాలా పట్టింపుగా ఉంటుంది. విలువలకు సింగిల్ కొటేషన్, టేబుల్ పేర్లకూ కాలమ్ పేర్లకూ డబుల్ కొటేషన్. మిర్చి రకాన్ని డబుల్ కొటేషన్‌లో పెడితే ఆ పేరుతో కాలమ్ లేదని ఎర్రర్ వస్తుంది. కొటేషన్ లేకుండా రాసిన పేర్లన్నిటినీ అది ఇంగ్లిష్ చిన్న అక్షరాలుగా మార్చుకుంటుంది కనుక, ఎవరైనా డబుల్ కొటేషన్‌లో పెద్ద అక్షరంతో టేబుల్ పేరు పెట్టి ఉంటే ఆ తర్వాత అందరూ ప్రతిసారీ ఆ కొటేషన్లు మోయాల్సిందే. నువ్వు తయారుచేసే టేబుళ్లకు మాత్రం చిన్న అక్షరాలే వాడు. డి'సౌజా వంటి ఇంటిపేరు నమోదు చేయాల్సి వస్తే మధ్యలోని గుర్తును రెండుసార్లు కొట్టాలి. కమాండ్లను వర్డ్ ఫైల్‌లో దాచుకునే అలవాటు ఉంటే మానుకో. అది కొటేషన్లను వంకర గుర్తులుగా మార్చేస్తుంది, వాటిని టూల్ కొటేషన్లుగా గుర్తించదు.

ఏనుమాముల యార్డు ధరల ఫైల్ నీ ల్యాప్‌టాప్‌లో ఉండి, సర్వర్ హైదరాబాద్‌లో ఉందనుకో. కాపీ అనే మామూలు కమాండ్‌తో ఆ ఫైల్‌ను టేబుల్‌లోకి ఎక్కించబోతే, మామూలు యూజర్‌వైతే అనుమతి లేదంటుంది, అనుమతి ఉంటే అలాంటి ఫైల్ లేదంటుంది, ఫైల్ నీ కళ్లముందే ఉన్నా సరే. సర్వర్ చదివే కమాండ్ కనుక అది సర్వర్ యంత్రంలోనే వెతుకుతుంది. అదే మాట ముందు బ్యాక్‌స్లాష్ పెడితే టూల్ నీ ల్యాప్‌టాప్‌లోని ఫైల్‌ను చదివి పంపుతుంది. కానీ ఈ బ్యాక్‌స్లాష్ కాపీని, కాలమ్ పేర్లు ఎన్ని ఉన్నా సరే, ఒకే వరుసలో రాయాలి. మధ్యలో ఎంటర్ కొడితే అక్కడికే ముగిసిందనుకుంటుంది.

వేరే డేటాబేస్‌లకు వెళ్లినప్పుడు ఈ అలవాట్లను వెంట తీసుకుపోకూడదు. టూల్‌ను తెరిచే కమాండ్‌లో హైఫన్ చిన్న పి అంటే పీఎస్‌క్యూఎల్‌లో పోర్ట్ (సర్వర్ ద్వారం సంఖ్య), మైఎస్‌క్యూఎల్‌లో పాస్‌వర్డ్. అక్కడ దాని తర్వాత ఖాళీ వదిలి పాస్‌వర్డ్ రాస్తే, ఆ మాటను డేటాబేస్ పేరుగా తీసుకుని పాస్‌వర్డ్‌ను మళ్లీ అడుగుతుంది. అతికించి రాస్తే పనిచేస్తుంది కానీ పాస్‌వర్డ్ షెల్ హిస్టరీలో, అంటే కొట్టిన కమాండ్ల జాబితాలో, మిగిలిపోతుంది. ఒట్టి హైఫన్ పి కొట్టి, అడిగాక ఇవ్వడమే క్షేమం. ఎస్‌క్యూలైట్‌లో టూల్ కమాండ్లు చుక్కతో మొదలవుతాయి, ఆ చుక్క వరుసలో మొట్టమొదటి అక్షరంగా ఉండాలి. అక్కడ ఫైల్ పేరు తప్పుగా కొడితే ఎర్రర్ ఇవ్వకుండా కొత్త ఖాళీ డేటాబేస్‌ను తెరుస్తుంది కనుక, టేబుళ్లు కనిపించకపోతే ముందు పేరు సరిచూసుకో. ఒరాకిల్ వారి ఎస్‌క్యూఎల్ ప్లస్‌లోనైతే అడ్తి దుకాణాల పేర్లలో 'అండ్ సన్స్' కోసం & గుర్తు పెట్టగానే దాని తర్వాతి మాటకు విలువ ఇమ్మని అడుగుతుంది; ముందుగా సెట్ డిఫైన్ ఆఫ్ అని కొట్టాలి.

ఇక డిలీట్ సంగతి. దీన్ని మాత్రం తప్పకుండా పాటించమని కోరుతున్నాను, బిడ్డా. పీఎస్‌క్యూఎల్‌లో మామూలుగా ప్రతి వాక్యమూ పూర్తికాగానే శాశ్వతమైపోతుంది. టేబుల్‌లో ఏ వరుసలు తీసేయాలో చెప్పే వేర్ షరతు రాయకముందే పొరపాటున సెమీకోలన్ పడితే టేబుల్ మొత్తం ఖాళీ అవుతుంది. కాబట్టి, కమిట్ అనేదాకా మార్పులు ఖాయం కాకుండా ఉండేందుకు, ముందు బిగిన్ అని కొట్టి సెమీకోలన్ పెట్టు; ప్రాంప్ట్‌లో =*> అని నక్షత్రం వస్తుంది. అదే వేర్ షరతుతో మొదట సెలెక్ట్ నడిపి, వచ్చిన వరుసలు నువ్వు తీసేయాలనుకున్నవేనా అని చూడు. తర్వాత పైబాణం మీట నొక్కి ఆ వాక్యాన్నే వెనక్కి తెచ్చుకుని, షరతును ముట్టుకోకుండా ముందుభాగాన్ని మాత్రం డిలీట్‌గా మార్చు. డిలీట్ అనే మాట పక్కన పోయిన వరుసల సంఖ్య కనిపిస్తుంది. అది సెలెక్ట్ చూపిన సంఖ్యతో సరిపోతేనే కమిట్ (మార్పులను ఖాయం చేయడం), లేకపోతే రోల్‌బ్యాక్ (వాటిని రద్దు చేయడం). మధ్యలో ఏదైనా ఎర్రర్ వస్తే నక్షత్రం స్థానంలో ఆశ్చర్యార్థకం వస్తుంది. ఆ స్థితిలో సెలెక్ట్ కూడా నడవదు, కమిట్ అన్నా రోల్‌బ్యాకే జరుగుతుంది; రోల్‌బ్యాక్ కొట్టి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

సాయంత్రం లేచేముందు ఆ నక్షత్రం ఇంకా ఉందేమో చూసుకో. కమిట్ చేయకుండా పీఎస్‌క్యూఎల్ నుంచి బయటకు వస్తే అప్పటిదాకా చేసిన మార్పులు నిలవవు. ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో ఇందుకు విరుద్ధం: మామూలుగా ఎగ్జిట్ అనగానే మార్పులన్నీ కమిట్ అవుతాయి. అక్కడ మార్పులు వద్దనుకుంటే, ఎగ్జిట్‌కు ముందే రోల్‌బ్యాక్ కొట్టు.

ఇట్లు,
నీ మేనమామ