కండలేరు, సోమశిల నీళ్ళలో ఫ్లై ఫిషింగ్‌కు ఎలాంటి చిన్న పడవ కొనాలి?

నెల్లూరులో ఇల్లు, చేతిలో 5 నంబరు ఫ్లై రాడ్డు, సెలవు దొరికితే కండలేరుకో సోమశిలకో వెళ్ళాలన్న కోరిక. అడుగు చదునుగా ఉండే చిన్న పడవ కొంటే ఎంత పొడవుండాలి, ఫైబర్ మేలా అల్యూమినియం మేలా, మోటారు తప్పనిసరా అని అడిగారు. చివర్లో మీ రాడ్డు ఇక్కడి చేపలకు సరిపోతుందా అని కూడా అడిగారు. నేను ఆత్మకూరు వైపు ఉంటాను. సోమశిల జలాశయంలో కొన్నేళ్ళుగా ఇలాంటి పడవ మీదే తిరుగుతున్నాను. పడవలో ఏమేం బిగించుకోవాలో దుకాణంవాళ్ళు ఎలాగూ చెబుతారు. ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్ళు మాత్రం ఏమేం తీసేయాలో ముందు చూసుకోవాలి.

ఈ పద్ధతి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. మామూలు గాలంలో సీసపు గుండు బరువో, ఎర బరువో దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈకలతో, వెంట్రుకలతో కట్టిన కొక్కెం, దానికి బరువే ఉండదు. లావుపాటి లైనును ముందుకూ వెనక్కూ ఊపి, ఆ లైను బరువుతోనే ఫ్లైని నీళ్ళ మీదికి పంపాలి. రాడ్డు నంబరు చెప్పేది అది ఎంత బరువు లైనుకు సరిపోతుందోనే, నంబరు పెరిగేకొద్దీ లైను బరువు, రాడ్డు గట్టితనం పెరుగుతాయి. లైనును చేత్తో లాగుతుంటే అది చుట్టలు చుట్టలుగా కాళ్ళ దగ్గర పడుతుంది. కాబట్టి మనిషి నిలబడగలగాలి, వెనక ఖాళీ ఉండాలి, లైను పడే చోట అది తగులుకునే వస్తువేదీ ఉండకూడదు. పడవ ఎంపికంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

అడుగు చదునుగా ఉన్న పడవలో నిలబడితే పక్కకు ఒరగడం తక్కువ. ఇద్దరు ఎక్కినా జానెడు లోతు నీళ్ళుంటే కదులుతుంది, తుంగలోకీ తామరాకుల్లోకీ దూరిపోవచ్చు. దీనికి శత్రువు గాలి. లోపలికి దిగిన భాగం లేనందువల్ల ఎటు గాలి వీస్తే అటు జారిపోతుంది. అలలు లేస్తే అడుగు దబదబా కొట్టుకుని చేపలన్నిటికీ కబురు పంపుతుంది. పెన్న వెలిగొండలను చీల్చుకుని వచ్చే చోటే సోమశిల ఆనకట్ట ఉంది. ఆ కొండల సందులోంచి గాలి ఎప్పుడు ఎలా తిరుగుతుందో ఒడ్డున నిలబడి చెప్పలేం. వేసవిలో తెల్లవారుజామున అద్దంలా ఉన్న నీళ్ళు పదిన్నర పదకొండుకల్లా చిన్న చిన్న అలలతో నిండిపోతాయి. మే నెల పడమటి గాలి సంగతి మీకు చెప్పనక్కరలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, ఆ నెలల్లో పెద్ద జలాశయం వైపు ఇలాంటి పడవ తీసుకుపోవద్దు.

కొలతల విషయానికి వస్తే, పొడవు 12 అడుగులు, పైన వెడల్పు 4 అడుగులు, అడుగుభాగం వెడల్పు కనీసం 3 అడుగులు. మూడింటిలో చివరిదే ముఖ్యం. పైన 4 అడుగులుండి అడుగున రెండున్నరే ఉన్న పడవలు అమ్ముతారు, అవి కూర్చుని వేటాడేవాళ్ళకు. 10 అడుగులది ఒక్కరికి బాగుంటుంది, ఇద్దరైతే ఒకరి లైను మరొకరి చెవికి తగులుతుంది. 14 అడుగులది నీళ్ళలో హాయిగా ఉంటుంది, ఒడ్డుకు చేర్చాకే బాధ మొదలవుతుంది. చిన్న పడవల్లో ఎంతమంది ఎక్కవచ్చో తేల్చే పాత లెక్క ఒకటుంది: పొడవునూ వెడల్పునూ అడుగుల్లో గుణించి 15తో భాగించాలి. 12 అడుగుల పడవకు 3 వస్తుంది. అది కూర్చునేవాళ్ళ లెక్క, నిలబడి విసిరేటప్పుడు ఇద్దరికి మించవద్దు.

బరువు గురించి ఎందుకింత పట్టింపు అంటే, మన జలాశయాల్లో పడవ దించడానికి కట్టిన దారులు ఉండవు. శ్రీశైలం నీళ్ళు తెలుగుగంగ మీదుగా సోమశిలకూ, అక్కడి నుంచి కండలేరుకూ, ఆపైన చెన్నై కోసం పూండికీ పోతాయి. వర్షాల తర్వాత నిండిన జలాశయం వేసవికి ఎంతో వెనక్కి తగ్గుతుంది. జనవరిలో బండి దిగీ దిగగానే నీళ్ళు, ఏప్రిల్‌లో అదే చోటి నుంచి పగుళ్ళిచ్చిన ఒండ్రు, దాని తర్వాత కాలు దిగబడే బురద, ఆ తర్వాత నీళ్ళు. దానిమీదుగా పడవను ఇద్దరు మోయాలి. 12 అడుగుల అల్యూమినియం పడవ 50 నుంచి 60 కిలోలు ఉంటుంది, మోయగలం. సముద్రానికి వెళ్ళే పడవల పద్ధతిలో దళసరిగా పోసిన ఫైబర్ పడవ అదే పొడవుకు ఇంకా బాగా బరువు తూగుతుంది.

అందుకే నా ఓటు అల్యూమినియానికి. రాళ్ళ మీద గీసుకున్నా సొట్ట పడుతుందేగానీ చీలిపోదు. చప్పుడు చేస్తుంది, దానికి మందు కింద చెబుతాను. పులికాట్ లాంటి ఉప్పునీళ్ళలో అల్యూమినియాన్ని ఉప్పు తినేస్తుంది, అయితే పులికాట్ పక్షుల అభయారణ్యం కాబట్టి అక్కడికి సరదా పడవ తీసుకుపోవాలన్న ఆలోచనే మానుకోండి. అక్కడి జాలరులు లోతులేని నీళ్ళలో చదును అడుగు పడవను గెడతో ఎలా నెడతారో మాత్రం ఒకసారి చూసి రండి. ఆ గెడ మన చెరువుల్లోనూ తెడ్డు కంటే నిశ్శబ్దంగా పని చేస్తుంది.

సొంతంగా చేయించుకోవాలనుకుంటే ప్లైవుడ్ పడవ మంచిదే. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, అది మెరైన్ రకం. ఇంటి అలమరాలకు వాడే ఐఎస్ 303 ప్లైవుడ్‌తో సరిపెడతానని వడ్రంగి అంటే ఒప్పుకోకండి. తేలడం కోసం బల్లల కింద థర్మాకోల్ కూరుతారు. దాని మీద నేరుగా మామూలు ఫైబర్ పని చేయించకండి: సముద్రపు పడవలకు వాడే పాలిస్టర్ రెజిన్ తగిలితే థర్మాకోల్ కరిగి లోపల గుల్ల మిగులుతుంది. ఎపాక్సీ అయితే ఆ ఇబ్బంది లేదు. పెట్రోలు చుక్కలు పడినా థర్మాకోల్ అలాగే పోతుంది. ఒక ఘనపుటడుగు ఫోమ్ నీళ్ళలో సుమారు 28 కిలోలను తేల్చుతుంది. పడవ, బ్యాటరీ, మోటారు బరువు కూడి ఎంత ఫోమ్ కావాలో చూసుకోండి. అల్యూమినియం పడవ కొనేటప్పుడు కూడా బల్లల కింద ఫోమ్ ఉందో లేదో తట్టి చూడాలి.

గాలి నింపే రబ్బరు పడవ గురించి ఒక్క ముక్క: మన జలాశయాల ఒడ్లన్నీ సర్కారు తుమ్మ. ఇంకేం చెప్పాలి? చేపలు పట్టేవాళ్ళ థర్మాకోల్ తెప్పలు చవక, వల వేయడానికి అద్భుతం, కానీ వాటి మీద నిలబడి 9 అడుగుల రాడ్డు ఊపడం జరిగే పని కాదు.

ఇప్పుడు లోపలి సంగతి. కొత్త పడవను ఇంటి ముందు పెట్టుకుని, అందులో నిలబడి, ఒక లైను చుట్ట కాళ్ళ దగ్గర పడేసి మెల్లగా లాగండి. అది ఎక్కడెక్కడ తగులుకుంటుందో గుర్తు పెట్టుకోండి. బోల్టు తల, తాడు కట్టే కొక్కెం, బల్ల మూల, టిఫిన్ డబ్బా పిడి, అన్నిటికంటే ముందు మీ చెప్పు పట్టీ. బోల్టు తలలు కోయించి నున్నగా అరగదీయించాలి, కుదరనిచోట టేపు చుట్టాలి. చెప్పులు విప్పేయాలి. సామానంతా వెనక బల్ల కిందికి నెట్టి దానిమీద పాత దోమతెర ఒకటి కప్పితే లైను జారిపోతుంది. ఆ దోమతెరను మించిన అలంకారం నా పడవలో లేదు. అడుగున 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, దాని మీద నున్నటి ఈవీఏ ఫోమ్ షీటు పరిస్తే అల్యూమినియం చప్పుడు దాదాపు పోతుంది. కొబ్బరి పీచు చాప వేయకండి, ప్రతి కొక్కెం దాంట్లోనే దిగుతుంది. మధ్య బల్ల అడ్డంగా ఉందని కోసేయాలనిపిస్తుంది. పడవకు గట్టితనం ఇచ్చేది అదే, ముట్టుకోవద్దు. ముందు భాగంలో ఎత్తుగా అరుగులాంటిది కట్టించుకోవడం ఫోటోల్లో బాగుంటుంది. ఇంత చిన్న పడవలో మనిషి అరడుగు పైకెక్కితే నిలకడ అంత తగ్గుతుంది.

ఇద్దరూ ఒకే పక్కకు తిరిగి విసురుతుంటే కుడిచేతివాటం మనిషి కుడి కొసన నిలబడాలి, అప్పుడు అతని లైను పడవ బయటి నుంచి పోతుంది. ఇద్దరూ కుడిచేతివాళ్ళే అయితే వంతులవారీగా విసరండి.

డబ్బు పెట్టాల్సింది లంగర్ల మీద. ఒక్క లంగరు వేస్తే పడవ గాలికి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, ఫ్లై ఎక్కడుందో తెలియదు. ముందొకటి, వెనకొకటి వేస్తే కుదురుగా నిలుస్తుంది. అయితే ఇది చిరుగాలి వరకే. గాలి గట్టిగా ఉంటే ముందు లంగరు ఒక్కటే ఉంచాలి. వెనక మాత్రమే లంగరు వేసి గాలికి ఎదురు నిలిపితే, వెనక పలక తక్కువ ఎత్తుంటుంది కాబట్టి అల నేరుగా లోపలికి వస్తుంది. తాడు నీటి లోతుకు కనీసం మూడు రెట్లు ఉండాలి. నీటి అడుగున బురద ఉంటే 8, 10 కిలోల గుండ్రటి బరువు చాలు. సోమశిల, కండలేరుల్లో ముంపు ఊళ్ళ గోడలూ, చెట్ల మోళ్ళూ ఉంటాయి, అక్కడ చువ్వలు వంచి చేసిన కొక్కేల లంగరు వాడతారు. అది మోడులో ఇరుక్కుంటే రాదు. ఉపాయం ఏమిటంటే, తాడును లంగరు కింది కొసకు కట్టి, కాడ వెంట పైకి తెచ్చి, పై రింగు దగ్గర సన్నటి పురికొసతో కట్టాలి. ఇరుక్కున్నప్పుడు గట్టిగా గుంజితే పురికొస తెగిపోయి లంగరు కింది కొస నుంచి తిరగబడి వచ్చేస్తుంది. ఏ వెల్డింగు షాపులోనైనా చేసిస్తారు.

తెడ్లు ఏడున్నర అడుగులవి తీసుకోండి. 4 అడుగుల వెడల్పుకు అంతకంటే పొట్టివైతే నీళ్ళు గోకినట్టే ఉంటుంది. తెడ్డు తిరిగే కొక్కెం మీరు కూర్చున్న బల్ల అంచు నుంచి, మోకాళ్ళ వైపు, అడుగు దూరంలో ఉండాలి. చాలా పడవల్లో ఇది తప్పుగానే బిగించి ఉంటుంది.

మోటారు ఉంటే మంచిది, లేకున్నా చెరువుల్లో గడిచిపోతుంది. పెట్టించుకుంటే 12 వోల్టుల కరెంటు మోటారు, 30 నుంచి 40 పౌండ్ల తోపుడు శక్తి ఉన్నది చాలు. ప్రతి 100 పౌండ్ల బరువుకు 2 పౌండ్ల తోపుడు అన్నది కనీస లెక్క, గాలి కోసం మిగతాది. పూర్తి వేగంలో ఇది సుమారు 30 నుంచి 40 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీని సగం వరకే వాడుకోవాలి కాబట్టి రెండు గంటలు కూడా రాదు. అందుకే తిరుగు ప్రయాణానికి మోటారును నమ్ముకోకండి, తెడ్లు పడవలోనే ఉండాలి. ఎలక్ట్రిక్ ఆటోల బ్యాటరీ అమ్మేచోట మీకు కావాల్సింది దొరుకుతుంది. బ్యాటరీని ముందు బల్ల దగ్గర పెట్టెలో కట్టేయండి, పక్కనే ఫ్యూజు వేయించండి. వెనక మనిషీ మోటారూ ఉంటాయి, బ్యాటరీ కూడా అక్కడే పెడితే మొన పైకి లేస్తుంది.

మోటారు రెక్కకు వల చుట్టుకుంటే నష్టం మీకంటే ఆ వల మనిషికే ఎక్కువ. సాయంత్రం వేసిన వలలు పొద్దున తీస్తారు, థర్మాకోల్ ముక్కలో ఖాళీ నీళ్ళ సీసాలో వరసగా తేలుతుంటే దూరంగా చుట్టి వెళ్ళండి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది, వాళ్ళను అడగకుండా పడవ దించకూడదు. జలాశయాలకైతే మత్స్యశాఖ కార్యాలయంలో లైసెన్సు, పడవ అనుమతి, గుడ్లు పెట్టే కాలపు నిషేధం గురించి ముందే కనుక్కోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే నిషేధం సముద్రానిది, దాన్నీ దీన్నీ కలపొద్దు. ఆనకట్ట గేట్ల దగ్గరికీ కాలువ తూముల దగ్గరికీ పోవద్దు. లైఫ్ జాకెట్ బల్ల కింద ఉంటే లేనట్టే, ఒంటి మీద ఉండాలి. ఉరుము వినబడితే రాడ్డు కింద పెట్టి ఒడ్డుకు రండి, కార్బన్ రాడ్డులో విద్యుత్తు పారుతుంది.

ఇక మీ 5 నంబరు రాడ్డు. జిలేబి చేపలకు, అదే తిలాపియాకు, అది చక్కగా సరిపోతుంది: తేలే లైను, చిన్న ఆకుపచ్చ ఫ్లై, ఒడ్డు పక్కన మోకాలి లోతు. కొరమీనుకు మాత్రం చాలదు. అది గాలి పీల్చడానికి పైకి వచ్చినప్పుడు తామరాకుల మధ్య ఒక్క బుడగ చప్పుడవుతుంది. అక్కడ కప్పలాంటి తేలే ఫ్లై వేస్తే మింగిన మరుక్షణం నాచులోకి తల దూరుస్తుంది, లాగి పెట్టడానికి 8 నంబరు రాడ్డూ, మందపాటి లీడరూ (లైను కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే దారం), కొక్కెం నాచుకు తగలకుండా తీగ అడ్డూ కావాలి. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన కదులుతుంటే కింద కాపలా కొరమీను ఉందని అర్థం. దాని మీదికి విసరకండి, ఆ కాపలా పోతే గుంపులో పిల్ల మిగలదు. బొచ్చె, శీలావతి ఫ్లైకి రావడం తక్కువ, వాటి కోసం వేరే రాడ్డు కొనకండి.