నాయబ్ రిసాల్దార్ కాబోతున్న అల్లుడికి

టంగుటూరు

చిరంజీవి అల్లుడికి,

ట్యాంకు రెజిమెంట్లో దఫాదార్ నుంచి నాయబ్ రిసాల్దార్ కావడానికి పెట్టే ప్రమోషన్ కేడర్‌కి (శిక్షణ, పరీక్ష) నీ పేరు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. మ్యాప్ రీడింగ్, చదువు సర్టిఫికెట్, మెడికల్ కేటగిరీ, ఏసీఆర్‌లు (ఏటా పైవాళ్లు రాసే రిపోర్టులు) అన్నీ కాగితం మీద సరిగ్గా ఉన్నాయో లేదో హెడ్ క్లర్క్ దగ్గర కూర్చుని ఇప్పుడే చూసుకో. కేడర్ దగ్గర పడ్డాక ఒక్క ఎంట్రీ లేదని తెలిస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. అహ్మద్‌నగర్ ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్లో చేసిన కోర్సు గ్రేడింగ్ పార్ట్ టూ ఆర్డర్లో, అంటే సర్వీసు వివరాలు నమోదయ్యే ఆర్డర్లో, ఎక్కిందా? అదీ అడుగు.

ఇక అసలు సంగతి. దఫాదార్‌గా (కాల్బలంలో హవల్దార్ లాంటి హోదా) ఒక ట్యాంకు నీది. నాయబ్ రిసాల్దార్ అయితే, అంటే జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) అయితే, ట్రూపు నీది, అంటే మూడు ట్యాంకులు. టీ-72 అయినా టీ-90 అయినా ట్యాంకుకి ముగ్గురే కాబట్టి నీతో కలిపి తొమ్మిది మంది. నీ ట్యాంకుకి నువ్వే కమాండర్‌వి కూడా, అక్కడే చాలామంది పొరబడతారు. పని బాగా వచ్చినవాడు స్పానర్ వదలడు. స్పానర్ నీ చేతిలో ఉన్నంతసేపూ మిగతా రెండు ట్యాంకులు ఎవరూ చూడనట్టే. పని వాళ్లని చెయ్యనివ్వు, అయ్యాక నువ్వు తాకి చూడు. కొన్ని ట్రూపులు కలిసిన స్క్వాడ్రన్‌కి కమాండర్ తన 14 ట్యాంకుల లెక్క వేసుకునేది నీలాంటి వాళ్లు చెప్పే ‘ఫిట్’ అనే మాట మీదే. తాకకుండా ఆ మాట పైకి పంపొద్దు.

తాకడమంటే ఊరికే అనడం లేదు. దారిలో ఆగినప్పుడు హాల్ట్ పరేడ్‌లో (ట్యాంకు తనిఖీకి ఇచ్చే సమయం) కుర్రాళ్లు నీళ్లు తాగి కబుర్లలో పడతారు. నువ్వు ట్యాంకు చుట్టూ తిరుగు. పక్కకి ఆరు రోడ్ వీల్స్, మొత్తం పన్నెండు. ఒక్కో హబ్ మీద అరచెయ్యి ఆన్చు. అన్నీ ఒకేలా వెచ్చగా ఉంటే బాగున్నట్టే. ఒకటి మాత్రం చెయ్యి ఆన్చలేనంత కాలుతుంటే బేరింగ్‌లో గ్రీజు పోయిందనో, బేరింగే పోతోందనో అర్థం. అప్పుడే డ్రైవర్‌కి చూపించి లాగ్‌బుక్‌లో రాయించు. ఇంకో ముప్ఫై కిలోమీటర్లు పోయి చూద్దామంటే చక్రం పోతుంది. ఆ తర్వాత ట్రాకు చూడు. వదులుగా ఉంటే ఇసుకలో గట్టిగా మలుపు తిప్పినప్పుడు పట్టు తప్పి ఊడొస్తుంది. మరీ బిగిస్తే పిన్నులు, ఐడ్లర్ (ట్రాకుని బిగువుగా పట్టే చక్రం) త్వరగా అరుగుతాయి. గట్టినేల మీద సరిచేసిన బిగువు రాజస్థాన్ ఇసుకలోకి దిగాక మళ్లీ చూసుకోవాల్సిందే.

ఎయిర్ క్లీనర్ సంగతి విడిగా చెప్తాను, ఎందుకంటే తప్పు బయటపడేది నెలలు గడిచాకే. క్యాసెట్లు (దుమ్ము వడకట్టే పెట్టెలు) తీసి డీజిల్‌లో కడిగి, నూనె పట్టించి, కారనిచ్చి బిగించాలి. కడగడం అందరూ బాగానే చేస్తారు. తిరిగి పెట్టేటప్పుడు సీలు సరిగ్గా కూర్చోకపోతే దుమ్ము వడకట్టే దారి వదిలేసి పక్కనుంచి లోపలికి పోతుంది. పిస్టన్ రింగులు, సిలిండర్లు అరుగుతాయి, ఆయిల్ ఖర్చు పెరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ నీరసిస్తుంది. ఈ లోపు ఆ బిగించినవాడు సెలవులో ఊళ్లో ఉంటాడు. అందుకని బిగింపు దగ్గర నువ్వు నిలబడు, కడగడం దగ్గర కాదు.

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ పంపు నడిపి ప్రెజర్ గేజ్ లేచాకే సెల్ఫ్ కొట్టాలి. తొందరలో ఈ మెట్టు దాటేసే డ్రైవర్‌ని ఆరోజే ఆపు.

టరెట్ విషయంలో మొహమాటం పెట్టుకోకు. డ్రైవర్ హ్యాచ్ తెరిచి ఉంటే టరెట్ పవర్ మీద తిరక్కుండా ఆపే ఏర్పాటు ఉంది. దాన్ని తప్పించి పని కానిచ్చే తెలివిగాళ్లు ప్రతి రెజిమెంట్లోనూ ఉంటారు. అది డ్రైవర్ తలతో ఆట. ఆటో లోడర్ (గన్‌లోకి గుండు తనంతట తానే ఎక్కించే యంత్రం) తిరిగేటప్పుడు చెయ్యి, మోచెయ్యి గార్డుకి ఇవతలే ఉన్నాయో లేదో అడగొద్దు, చూడు. దాని కేరూజల్లో (గుండ్రంగా తిరిగే అర) 22 రౌండ్లు పడతాయి, షెల్ వేరు, చార్జి వేరు. చార్జి డబ్బా కాలిపోయే రకం కాబట్టి తడిసినా, గీరుకుని చినిగినా పక్కన పెట్టెయ్యి. పేలాక మిగిలేది లోహపు అడుగు ఒక్కటే. ఫైరింగ్ రేంజ్‌లో కాల్చిన రౌండ్లూ, వెనక్కొచ్చిన అడుగులూ సరిపోవాలి. లాట్ నెంబర్లతో (తయారీ విడత నెంబర్లు) సహా ఆ సాయంత్రమే సామాన్ల లెక్క చూసే స్క్వాడ్రన్ క్వార్టర్‌మాస్టర్ దఫాదార్ రిజిస్టర్లో ఎక్కించు. మర్నాటికి పెడితే లెక్క కుదరదు. మిస్‌ఫైర్ అయితే, అంటే నొక్కినా రౌండ్ పేలకపోతే, బ్యారెల్ టార్గెట్ వైపే ఉండాలి, డ్రిల్ పుస్తకంలో ఉన్నంత సేపు అయ్యేదాకా బ్రీచ్ (గన్ వెనక మూత) ముట్టకూడదు. గన్నర్ కంగారు పడతాడు. నువ్వు గడియారం చూస్తూ మామూలు గొంతుతో మాట్లాడుతుంటే చాలు.

మనుషుల లెక్క ట్యాంకు లెక్క కన్నా కష్టం. ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్ ప్రతి రెగ్యులర్ జవానుకీ ఉంటాయి, కానీ ఒకే ట్యాంకులో ఇద్దరు ఒకేసారి పోతే ఆ ట్యాంకు షెడ్డులోనే. సంక్రాంతికి మన ఆంధ్రా కుర్రాళ్లంతా ఒకేసారి అడుగుతారు. జనవరిలో ఎవరు, మే నెల పెళ్లిళ్లకి ఎవరు అనేది అక్టోబర్‌లోనే ట్యాంకు వారీగా గీసి సీనియర్ జేసీఓ సాబ్‌కి ఇవ్వు. చీమకుర్తి వాడనో కావలి వాడనో ఒక్కడికి మాట జారావా, మిగతా రాష్ట్రాల వాళ్లు నోరు మెదపరు గానీ గుర్తుపెట్టుకుంటారు.

2022లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద అగ్నివీర్‌లు వస్తున్నారు. నాలుగేళ్లు అయ్యాక 25 శాతం దాకానే ఉంటారు. కాబట్టి డ్రైవర్‌గా వచ్చినవాడికి గన్నర్ పని, గన్నర్‌కి రేడియో పని మొదటేడే మొదలెట్టు. మూడో ఏడు నేర్పితే నేర్చుకున్న పని మనకి పనికొచ్చే లోపే వాడు ఇంటికెళ్తాడు.

రోల్ కాల్లో ఒకడు రెండ్రోజులుగా చూపు తప్పిస్తుంటే అప్పో, ఆన్‌లైన్ రమ్మీయో, ఇంట్లో గొడవో అయి ఉంటుంది. అందరి ముందూ అడగొద్దు. సాయంత్రం గేమ్స్ అయ్యాక విడిగా కూర్చోబెట్టు. పొలం తగాదా అయితే సీఓ (రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్) సాబ్ తరఫున కలెక్టర్‌కి లెటర్ పంపించొచ్చు. అయితే సర్వే నెంబరు, గ్రామం, మండలం, పాస్‌బుక్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. లేకపోతే ఎమ్మార్వో ఆఫీసులో మూలన పడుతుంది. దాని కాపీ ఒకటి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కూడా పంపించు, మన వాళ్లకి ఒంగోలులో ఉంది.

రెజిమెంట్ జేసీఓలందరిలో పెద్దయిన రిసాల్దార్ మేజర్ సాబ్‌ని ఊరికే కలవొద్దు, కలిసినప్పుడు దాచొద్దు. సీఓకి రెజిమెంట్ మనసు చెప్పేది ఆయనే. నీ ట్రూపులో చెడ్డ వార్త ఆయనకి ఇంకొకరి నోట చేరితే నీ మీద నమ్మకం పోతుంది.

కేడర్ తేదీ ఖాయమైతే రాయి. మ్యాప్ రీడింగ్‌లో గ్రిడ్ బేరింగ్ (మ్యాపు గీతల మీది దిక్కు కోణం), మ్యాగ్నెటిక్ బేరింగ్ (దిక్సూచి చూపే కోణం) మార్పిడి దగ్గర నీకు తడబాటు ఉందని మీ అమ్మతో అన్నావట. రోజుకి ఐదు లెక్కలు చేసి ఫొటో తీసి పంపు, దిద్ది పంపుతాను.

మీ మామయ్య