ఆ చిన్న సీసా నాన్నగారికి పట్టించకండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గాజువాక. నాన్నకు 68 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి, క్రియాటినిన్ 1.8. మలంలో రక్తం పడుతోందని కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) రాశారు. పోయిన నెల ముందురోజు సాయంత్రమే పేగు శుభ్రం చేసే పౌడర్ నీళ్లు రెండు లీటర్లూ తాగించి తీసుకెళ్తే, పేగు శుభ్రంగా లేదని వెనక్కి పంపేశారు. మళ్లీ అంత తాగలేనని నాన్న మొండికేస్తున్నారు. పక్కింటాయన దగ్గర పేగు శుభ్రం చేసే ఫాస్ఫేట్ మందు సీసా ఉందట, చిన్నదే. అది ఇవ్వచ్చా?

జవాబు: వద్దమ్మా. క్రియాటినిన్ 1.8 ఉందంటే కిడ్నీలు సరిగ్గా పనిచేయట్లేదన్నమాట, అలాంటి మనిషికి అది అస్సలు వద్దు. సోడియం ఫాస్ఫేట్ ఒంట్లో నీటిని పేగులోకి లాగేస్తుంది, పైగా రక్తంలోకి ఎక్కిన ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి కిడ్నీల్లోని సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. అలా కిడ్నీలు పాడై మళ్లీ కోలుకోనివాళ్లు ఉన్నారు, అందుకే 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ సోడియం ఫాస్ఫేట్ మాత్రల మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. మెగ్నీషియం కలిసిన మందులు కూడా నాన్నగారికి మంచివి కావు. మీరు వాడిన పౌడర్ పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) అయితే అదే సరైనది, అది ఒంటికి దాదాపు పట్టదు, తాగిన నీళ్లను తనతోపాటే కిందికి దించేస్తుంది.

పోయినసారి తప్పు మందుది కాదు, టైముది. మొత్తం సాయంత్రమే తాగేస్తే, రాత్రంతా చిన్నపేగు నుంచి పైత్యరసం, జిగురు దిగి పెద్దపేగు కుడివైపు గోడకు పూతలా పట్టేస్తాయి, చదునుగా ఉండే చిన్న కణితులు దాని కింద కనపడవు. ఈసారి ఒక లీటరు రాత్రి, రెండోది తెల్లవారుజామున ఇవ్వండి. పరీక్ష పదింటికైతే ఐదుకు మొదలుపెట్టి ఆరున్నరకల్లా అయిపోవాలి. విశాఖలో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మోషన్ వస్తే ఎలాగని చాలామంది ఈ రెండో డోసు మానేస్తారు, ఆ టెన్షన్ నాకు తెలుసు, పెద్దవాళ్లకు వేసే డైపర్ ఒకటి వేసి తీసుకురండి, పర్లేదు. తాగడం సులువవ్వాలంటే ఫ్రిజ్‌లో చల్లబరిచి, పావుగంటకో గ్లాసు చొప్పున ఇవ్వండి. వికారంగా ఉంటే అరగంట ఆపండి. ఆగకుండా వాంతులవుతున్నా, పొట్ట ఉబ్బి నొప్పి వస్తున్నా ఇంక తాగించకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

ముందురోజు పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం కాస్త తెల్లన్నం పెరుగు చాలు. గోంగూర, టమాటా, జామకాయ, నువ్వులు రెండు మూడు రోజుల ముందు నుంచే మానేయాలి. ముందురోజు మధ్యాహ్నం భోజనం తర్వాత పాలు లేని టీ, వడకట్టిన నిమ్మరసం ఇవ్వచ్చు. కొబ్బరినీళ్లు మంచివని పట్టించేస్తుంటాం గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, ఈ కిడ్నీలకు వద్దు. రక్తం పోతోందని ఐరన్ మాత్రలు వేస్తుంటే వారం ముందు ఆపాలి, వాటివల్ల మలం నల్లగా జిగటగా అవుతుంది. షుగర్, బీపీ, రక్తం పలచబడే మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, చీటీ పట్టుకెళ్లి ఏది ఎప్పుడు ఆపాలో రాయించుకోండి.

బయల్దేరే ముందు ఆఖరి మోషన్ మీరే చూడండి. మూత్రంలా పసుపుగా, తేటగా ఉండాలి. ఇంకా బురదనీళ్లలా ఉంటే ఇంట్లోంచే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి, ఏం చేయాలో వాళ్లు చెప్తారు, ఇంత దూరం వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లే పని తప్పుతుంది.